గాజు మీద గీతలు గీసిన యతీమ్

పుత్తూరు, నగరి, నారాయణవనం ప్రాంతంలో మరమగ్గాల చప్పుడు వినకుండా పెరిగిన పిల్లలు తక్కువ. పడుగు అంటే ఏమిటో, పేక అంటే ఏమిటో ఇక్కడి వారికి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు. ఒక రాత్రి మేము ఇషా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మా ఇంటి పిల్ల మేడ మీద నిలబడి, పలుచని దుపట్టా కళ్లకు అడ్డం పెట్టుకుని, దూరాన వెలుగుతున్న దీపాన్ని చూస్తోంది. ఒక్క దీపం నాలుగు దిక్కులా వరుస తీరిన చిన్న చిన్న దీపాలుగా కనిపిస్తోందట. వాటి అంచులకు ఇంద్రధనుస్సు రంగులున్నాయట. గుడ్డేమో తెల్లనిది, దీపమూ తెల్లనిదే, మరి ఈ రంగులు ఎక్కడివని మమ్మల్ని నిలదీసింది. మేమూ ఆ దుపట్టా అందుకుని చూశాం. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పబోతే ఒక మనిషి జీవితమంతా చెప్పవలసి వచ్చింది. పదకొండేళ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఒక గాజు పనివాడి ఇంట జీతం లేని శిష్యుడిగా చేరి, చివరికి సూర్యుడి వెలుగును గీతలు గీతలుగా చదివిన మనిషి ఆయన. పేరు జోసెఫ్ ఫ్రానుహోఫర్. కాలేజీలో భౌతికశాస్త్రం చదివిన వారికి ఫ్రానుహోఫర్ రేఖలు గుర్తుండే ఉంటాయి. ఆ రేఖల వెనుక ఉన్న పిల్లవాడి సంగతి మాత్రం పాఠ్యపుస్తకాలు చెప్పవు.

వెలుగు గురించిన మాట వస్తే మన ఇళ్లలో ముందుగా తలచుకునే పేరు ఇబ్న్ అల్ హైసమ్. సుమారు 965లో బస్రాలో పుట్టి, కైరోలో జీవించిన ఆ మహా పండితుడు వస్తువుల నుంచి వచ్చిన వెలుగు కంటిలో ప్రవేశించడం వల్లనే మనకు చూపు కలుగుతోందని ప్రయోగాలతో వివరించారు. ఆయన గ్రంథం కితాబుల్ మనాజిర్ లాటిన్‌లోకి వెళ్లి, యూరప్ పండితులకు శతాబ్దాల పాటు పాఠమైంది. తర్వాత పర్షియాకు చెందిన కమాలుద్దీన్ ఫారిసీ నీరు నింపిన గాజు గోళంతో ఇంద్రధనుస్సు రహస్యాన్ని ఛేదించారు. విద్య ఒక చేతి నుంచి మరో చేతికి అందుతూ వచ్చే దీపం. అలా అందుకున్న చేతుల్లో గాజు పొడితో గరుకెక్కిన చేతులు కూడా ఉన్నాయి. ఈ వారం మేము చెప్పదలచింది అటువంటి చేతుల గురించే.

అనాథ బాల్యం

జోసెఫ్ 1787 మార్చి 6న జర్మనీ దేశంలో బవేరియా ప్రాంతపు స్ట్రాబింగ్ పట్టణంలో పుట్టాడు. తండ్రిది గాజు పని. పదకొండు మంది సంతానంలో జోసెఫ్ కడగొట్టువాడు. 1797లో తల్లి పోయింది. ఆ మరుసటి ఏడు తండ్రి కూడా కన్నుమూశాడు. సంరక్షకులు ముందు ఆ పిల్లవాడిని చెక్క పనిలో పెట్టి చూశారు. బక్క ప్రాణం ఆ పనికి తాళలేదు. దాంతో మ్యూనిక్ నగరంలో అద్దాలు చేసే వైక్సెల్‌బెర్గర్ అనే పనివాడి దగ్గరకు పంపారు. పని నేర్పినందుకు గురువుకు డబ్బు చెల్లించుకునే స్తోమత లేదు గనుక ఆరేళ్ల పాటు జీతం లేకుండా పని చేయాలన్నది ఒప్పందం.

ఆ రోజుల్లో పని నేర్చుకునే పిల్లల కోసం ఆ నగరంలో ఆదివారం బడి నడిచేది. జోసెఫ్‌కు చదవడం, రాయడం సరిగా రాదు. ఆ బడికి వెళ్లాలని ఎంతో ఆశ. గురువు పోనివ్వలేదు. ఆయన లెక్క ఆయనది. అద్దం రుద్దేవాడికి అక్షరాలతో పనేమిటి? పుస్తకం పట్టిన చేయి రాయి పట్టదని ఆయన అనుకుని ఉంటాడు. ఇది రెండు వందల ఏళ్ల నాటి జర్మనీ సంగతి గదా అని మనం నవ్వుకోవచ్చు. కానీ మన ఊళ్లలోని పంక్చరు షాపుల్లో, వెల్డింగు షెడ్లలో, బట్టల కొట్లలో ఈ ఆలోచన ఈనాటికీ చావలేదు.

1801 జూలై 21న గురువు ఉంటున్న ఇల్లు కుప్పకూలింది. గురువు భార్య ఆ శిథిలాల కింద ప్రాణాలు విడిచింది. పద్నాలుగేళ్ల జోసెఫ్ కూడా కింద చిక్కుకుపోయాడు. దూలాలు ఒకదాని మీద ఒకటి పడి మధ్యలో కొంచెం సందు మిగలడంతో ఊపిరి నిలిచింది. గంటల తరబడి మట్టి తవ్వి బయటకు లాగారు. ఆ సమయంలో బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జోసెఫ్ స్వయంగా అక్కడకు వచ్చి నిలబడ్డాడు. బతికి బయటపడిన ఆ యతీమ్ పిల్లవాడికి 18 బంగారు నాణేలు ఇచ్చాడు. అక్కడికి వచ్చిన మరో పెద్దమనిషి యుట్‌జ్‌ష్నైడర్. వ్యాపారి, అధికారి. ఆయన ఇచ్చింది పుస్తకాలు. గణితం, కాంతిశాస్త్రం పుస్తకాలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. పద్నాలుగేళ్ల కుర్రవాడి చేతికి ఒక్కసారిగా అంత బంగారం వచ్చింది. కడుపునిండా తినవచ్చు, కొత్త బట్టలు కొనుక్కోవచ్చు, ఊరికి తిరిగి వెళ్లిపోవచ్చు. జోసెఫ్ ఆ డబ్బులో కొంత పెట్టి గాజు సానబట్టే యంత్రం కొన్నాడు. ఇంకొంత గురువుకు కట్టి, ఒప్పందంలో మిగిలిన కాలం నుంచి విడుదల పొందాడు. తర్వాత సొంతంగా లోహపు రేకుల మీద చెక్కే పని మొదలుపెట్టాడు. అది సాగలేదు. బతుకుతెరువు కోసం మళ్లీ ఆ పాత గురువు దగ్గరే కూలిగా చేరవలసి వచ్చింది. అయినా చదువు మానలేదు. సెలవు దొరికినప్పుడల్లా ఆ పుస్తకాలే లోకం.

మఠంలో కొలిమి

1806లో యుట్‌జ్‌ష్నైడర్ తన కార్ఖానాలో అతనికి పని ఇచ్చాడు. రైఖెన్‌బాఖ్ అనే ఇంజనీరుతో కలిసి ఆయన నడుపుతున్న ఆ సంస్థ భూమి కొలిచే పరికరాలు తయారుచేసేది. వాటికి మంచి కటకాలు కావాలి. కటకాలకు మంచి గాజు కావాలి. బెనెడిక్ట్‌బాయర్న్ అనే చోట మూతపడిన ఒక పాత క్రైస్తవ మఠాన్ని కొని అందులో గాజు కొలిమి పెట్టారు.

కిటికీ గాజుకూ కటకం గాజుకూ చాలా తేడా ఉంది. కటకానికి వాడే గాజులో ఒక్క బుడగ ఉన్నా, పాకం సరిగా కలవని పంచదార పానకంలో లాగా చారలు ఉన్నా వెలుగు దారి తప్పుతుంది. స్విట్జర్లాండు నుంచి వచ్చిన గినాన్ అనే ముసలి పనివాడికి కరిగిన గాజును మట్టి కడ్డీతో కలియబెట్టి చారలు పోగొట్టే కిటుకు తెలుసు. ఫ్రానుహోఫర్ ఆయన దగ్గర ఆ పని నేర్చుకున్నాడు. కొన్నాళ్లకే గాజు కరిగించే బాధ్యత ఆయన చేతికి వచ్చింది. 1814లో గినాన్ తన ఊరికి వెళ్లిపోయాడు. బడిలోకి అడుగుపెట్టనివ్వని పిల్లవాడు ఇరవై ఏడేళ్లకు యూరప్‌లో మేలైన గాజు తయారుచేసే కార్ఖానాకు పెద్దదిక్కు అయ్యాడు.

సూర్యుడిలో చీకటి గీతలు

ఆయనకు ఒక చిక్కు ఎదురైంది. ఒక్కొక్క గాజు ఒక్కొక్క రంగును ఎంత వంచుతుందో కచ్చితంగా కొలవాలి. పట్టకం గుండా వెళ్లిన వెలుగు ఎరుపు నుంచి ఊదా వరకు రంగుల పట్టీగా పరుచుకుంటుంది. ఆ పట్టీలో పసుపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరు చెప్పగలరు? గజంకట్టె మీద అంగుళాల గుర్తులు లేకపోతే బట్ట ఎలా కొలుస్తాం?

1814లో ఆయన చీకటి గదిలో సన్నని చీలిక గుండా సూర్యకాంతిని రానిచ్చి, పట్టకం మీదుగా పంపి, దుర్బిణితో చూశాడు. రంగుల పట్టీకి అడ్డంగా లెక్కలేనన్ని నల్లని గీతలు కనిపించాయి. అంతకు ముందే 1802లో ఇంగ్లండులో వొల్లస్టన్ కొన్ని గీతలు చూశాడు గానీ, అవి రంగుల మధ్య సరిహద్దులని అనుకుని ఊరుకున్నాడు. ఫ్రానుహోఫర్ ఊరుకోలేదు. ఒక్కొక్కటి లెక్కపెట్టాడు. 570కి పైగా లెక్క తేలాయి. ముఖ్యమైన వాటికి ఏ, బి, సి, డి అంటూ అక్షరాల పేర్లు పెట్టాడు. ఆయనకు కావలసిన గజంకట్టె దొరికింది. అది మనిషి చేసిన కట్టె కాదు. సూర్యుడి వెలుగులోనే ఉన్న గుర్తులవి.

అంతటితో ఆగక శుక్రగ్రహం వెలుగునూ, సిరియస్ నక్షత్రపు వెలుగునూ అదే విధంగా చూశాడు. శుక్రుడిలో సూర్యుడి గీతలే కనిపించాయి. నక్షత్రంలో గీతల తీరు వేరుగా ఉంది. అయితే ఆ గీతలు ఎందుకు ఏర్పడుతున్నాయో ఆయన చెప్పలేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేదు. చూసింది చూసినట్టు, కొలిచింది కొలిచినట్టు ప్రచురించాడు.

తీగల నుంచి వజ్రపు మొన వరకు

ఇప్పుడు మా మేడ మీద దుపట్టా దగ్గరకు వద్దాం. పలుచని గుడ్డలోంచి దీపాన్ని చూసి ఆశ్చర్యపోయిన వారిలో మా పిల్ల మొదటిది కాదు. 1785 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక పెద్దమనిషి పట్టు రుమాలులోంచి వీధిదీపాన్ని చూసి, ఇదేమిటని డేవిడ్ రిటెన్‌హౌస్ అనే ఖగోళ పండితుడిని అడిగాడు. రిటెన్‌హౌస్ సన్నని మరలున్న రెండు స్క్రూల మధ్య యాభై పైచిలుకు వెంట్రుకలు సమాన దూరంలో కట్టి పరీక్షించాడు. రంగులు కనిపించాయి. కానీ ఆ పని అక్కడే ఆగిపోయింది.

ఫ్రానుహోఫర్ 1821 నాటికి ఆ దారిలో తనంత తానుగా నడక మొదలుపెట్టాడు. సన్నని మరలున్న రెండు స్క్రూలు సమాంతరంగా పెట్టి, ఆ మరల గాడుల్లో సన్నని తీగ చుట్టాడు. మగ్గం మీద పడుగు పరిచినట్టే. తేడా ఒక్కటే, దీనికి పేక లేదు. అలా 260 తీగలతో ఒక జాలకం తయారైంది. దీన్నే గ్రేటింగ్ అంటారు.

ఇది పని చేసే తీరు కష్టమేమీ కాదు. వెలుగు అలలుగా ప్రయాణిస్తుంది. సందులన్నిటి గుండా వచ్చిన అలలు అవతల మళ్లీ కలుసుకుంటాయి. ఒక కోణంలో అన్నీ అడుగులో అడుగు వేసి నడిస్తే అక్కడ వెలుగు కనిపిస్తుంది. అడుగులు తప్పితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఎర్రని అల పొడవు, నీలం అల పొట్టి. కాబట్టి ఏ రంగుకు ఆ రంగు తన కోణాన్ని వెదుక్కుంటుంది. రంగులు విడిపోతాయి. దుపట్టాలో పడుగు, పేక రెండూ ఉన్నాయి గనుక దీపాలు నాలుగు దిక్కులా వరుస కట్టాయి. సీడీని వెలుగులో వాలుగా తిప్పినప్పుడు కనిపించే రంగులకు కారణమూ ఇదే. దాని మీద గీతల వరుసలు మిల్లీమీటరుకు ఆరు వందలకు పైగా ఉంటాయి.

సందు ఎంత ఇరుకైతే రంగులు అంత దూరంగా విడిపోతాయి. తీగలతో అంత ఇరుకు సాధ్యం కాదు. అందుకే ఆయన గాజు పలక మీద బంగారు రేకు అంటించి దాని మీద యంత్రంతో గీతలు గీశాడు. అదీ చాలలేదు. చివరకు వజ్రపు మొనతో గాజు మీదే గీశాడు. వజ్రపు మొన ఎలా ఉంటే గీత చక్కగా పడుతుందో సూక్ష్మదర్శినిలో చూసి చెప్పడం కుదరదు. గీసి చూసుకోవలసిందే. పనికిరానిది పక్కన పెట్టి మళ్లీ గీయవలసిందే. ఒక్క గీత పక్కకు జరిగినా పలక అంతా వృథా. అలా ఆయన మిల్లీమీటరుకు సుమారు 300 గీతల వరకు చేరుకున్నాడు.

ఈ గీతలతోనే ఆయన వెలుగు అలల పొడవు కొలిచాడు. గీతల మధ్య దూరం తెలుసు, కోణం తెలుసు, ఇక లెక్కే. డి గీతకు ఆయన కట్టిన కొలత నేటి విలువైన 589 నానోమీటర్లకు చాలా దగ్గరగా ఉంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. కరెంటు దీపం లేని కాలంలో, చేతితో తిప్పే యంత్రంతో ఆయన చేసిన పని అది.

ఇంకొకటి కూడా గమనించాడు. కొన్ని పలకల్లో ఒక పక్క రంగులు రెండో పక్క కంటే ప్రకాశవంతంగా ఉన్నాయి. గీత గాడి ఒక పక్కకు వాలి ఉంటే వెలుగు కూడా ఒక పక్కకే మొగ్గుతుందన్న మాట. చిన్న సంగతిలా కనిపించే ఈ పరిశీలన రెండు వందల ఏళ్ల తర్వాత ఎక్కడ పనికి వచ్చిందో ముందు చెబుతాం.

గౌరవం, మరణం

ఆయన పేరు యూరప్ అంతటా మారుమోగింది. అయినా బవేరియా శాస్త్ర పరిషత్తులో కొందరు ఆయనకు పూర్తి స్థానం ఇవ్వడానికి ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయంలో చదవలేదు గనుక ఆయన పనివాడే తప్ప పండితుడు కాడని వారి వాదన. 1822లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1824లో రాజు ఆయనను బిరుదుతో సత్కరించాడు. ఆ రాజు మరెవరో కాదు, శిథిలాల దగ్గర 18 నాణేలు ఇచ్చిన మాక్సిమిలియన్ జోసెఫే. ఆ ఏడే ఆయన చేసిన 24 సెంటీమీటర్ల కటకం గల పెద్ద దుర్బిణి నేటి ఎస్టోనియాలోని టార్టు నగరానికి చేరింది. ఆయన కార్ఖానా నుంచి వెళ్లిన మరో పరికరంతోనే 1838లో బెసెల్ అనే పండితుడు ఒక నక్షత్రం మన నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి ప్రకటించాడు.

అది చూడడానికి ఫ్రానుహోఫర్ లేడు. చిన్ననాటి నుంచీ బలహీనమైన ఒళ్లు, ఏళ్ల తరబడి కొలిమి పక్క పని, ఆ పైన క్షయ. 1826 జూన్ 7న, నలభై నిండకుండానే ఆయన మరణించాడు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. కొద్ది రోజుల ముందే పోయిన రైఖెన్‌బాఖ్ సమాధి పక్కనే ఆయననూ ఖననం చేశారు.

ఆయన జీవితంలో మమ్మల్ని ఆలోచింపజేసేది మరొకటి ఉంది. కార్ఖానా చూడడానికి వచ్చిన పండితులకు కటకాలు రుద్దే పని చూపేవారు గానీ, గాజు కరిగించే కొలిమి దగ్గరకు రానిచ్చేవారు కాదు. అది వ్యాపార రహస్యం. ఇంగ్లండులో మైకేల్ ఫారడే అంతటివాడు 1825 నుంచి కొన్నేళ్లు శ్రమించినా అటువంటి గాజు చేయలేక వదిలేశాడు. చేతి విద్యను ఇంటిగుట్టుగా కాపాడుకోవడం పుత్తూరు కట్టు పుట్టిన ఊరి వారమైన మాకు వింత కాదు. పదిమందికి అన్నం పెట్టే పనిని కాపాడుకోవడం తప్పని అనలేం. అయితే గీతల సంగతి, గ్రేటింగుల సంగతి ఆయన దాచలేదు. చూసిన సంగతులు, కొలిచిన తీరు అచ్చు వేయించాడు. దాచిన విద్య కొద్దిమంది చేతుల్లో మిగిలింది. పంచిన విద్య ప్రపంచమంతా పెరిగింది.

గుంటూరులో ఒక ఉదయం

ఎలా పెరిగిందో చెప్పడానికి దూరదేశాలకు పోనక్కర లేదు. 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు ఆ నల్లని గీతల గుట్టు విప్పారు. ఒక్కొక్క మూలకం తనవైన రంగులను మాత్రమే మింగుతుంది. డి గీతలు సోడియానివి, అంటే మన ఉప్పులో ఉన్న మూలకానివి. గీతలు చదివితే సూర్యుడిలో ఏమేమి ఉన్నాయో ఇక్కడి నుంచే చెప్పవచ్చు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చి కూర్చున్నాడు. మద్రాసు నుంచి పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. గ్రహణ సమయంలో సూర్యుడి అంచున లేచిన మంటల వెలుగును గీతలుగా విడదీసి చూశారు. ఆ వెలుగులో ఉన్న ఒక పసుపు గీత ఫ్రానుహోఫర్ పేరు పెట్టిన డి గీతలకు చాలా దగ్గరగా ఉన్నా, అవి కాదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. భూమి మీద ఎవరూ చూడని మూలకం అది. ఇంగ్లండు పండితుడు లాక్యర్ పరిశీలనలతో దానికి హీలియం అన్న పేరు స్థిరపడింది. 1895లో రాంసే దాన్ని భూమి మీద కూడా కనుగొన్నాడు. స్ట్రాబింగ్ అనాథ గుర్తు పెట్టిన అక్షరం గుంటూరు ఆకాశంలో ఇలా పనికి వచ్చింది.

కళ్లద్దాల్లో కనిపించని మగ్గం

గ్రేటింగులు గీసే యంత్రాలు రానురానూ మెరుగయ్యాయి. 1880లలో అమెరికాలో రోలండ్ అంగుళానికి పద్నాలుగు వేలకు పైగా గీతలు గీసే యంత్రం చేశాడు. ఈనాడు ఆ గీతలు కళ్లద్దాల్లోకి వచ్చాయి. ఎదురుగా ఉన్న లోకాన్ని చూస్తూనే దాని మీద అక్షరాలు, బొమ్మలు తేలుతున్నట్టు చూపించే అద్దాలను ఆగ్మెంటెడ్ రియాలిటీ అద్దాలంటారు. 2016లో మైక్రోసాఫ్ట్ వారి హోలోలెన్స్ ఈ తీరులో వచ్చింది.

ఇందులో కంటి ముందు ఉండేది ఒక పలుచని గాజు పలక. దీన్ని వేవ్‌గైడ్ అంటారు. చెవి వైపునో నుదుటి వైపునో ఉన్న చిన్న ప్రొజెక్టరు బొమ్మను వెలుగుగా పంపుతుంది. పలక మీద ఒక మూల ఉన్న గ్రేటింగు ఆ వెలుగును వాలుగా లోపలికి వంచుతుంది. లోపలికి వచ్చిన వెలుగు గాజు గోడలను ఏటవాలుగా తాకి, బయటకు పోలేక, అటూ ఇటూ కొట్టుకుంటూ ముందుకు సాగుతుంది. చదువుకున్న వారు దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. కంటి ఎదుటికి రాగానే మరో గ్రేటింగు ఆ వెలుగును కొద్దికొద్దిగా బయటకు వదులుతుంది. కిటికీ గాజు 1.5 మేరకు వెలుగును వంచితే, ఈ పనికి 1.7 నుంచి 2.0 వరకు వంచే గాజు కావాలి. వంపు ఎక్కువైతే బొమ్మ వెడల్పుగా కనిపిస్తుంది. మళ్లీ అదే పాత మాట. ముందు మంచి గాజు కావాలి.

ఇక్కడి గీతల మధ్య దూరం సుమారు 400 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరుకు 2,500 గీతలు. ఒక వెంట్రుక మందంలో నూటికి పైగా గీతలు పడతాయి. ఏ వజ్రపు మొనా ఇంత సన్నగా ఇన్ని ఆకారాల్లో గీయలేదు. అందుకే ముందుగా ఎలక్ట్రాన్ల పుంజంతో ఒక మూల అచ్చు మీద ఆ నమూనా రాస్తారు. తర్వాత అయాన్ల ధారతో గాడులు తొలుస్తారు. కొన్నిటికి గాడులు నిటారుగా కాక ఒక పక్కకు వాలి ఉండాలి. వెలుగు కంటి వైపే ఎక్కువగా మొగ్గాలి గదా. ఫ్రానుహోఫర్ తన పలకల్లో గమనించిన ఆ మొగ్గునే ఇప్పుడు పనిగట్టుకుని తయారుచేస్తున్నారన్న మాట.

ఆ మూల అచ్చు నుంచి మెత్తని ముద్రలు తీస్తారు. గాజు పలక మీద రెసిన్ పూత పూసి, ముద్రను దాని మీద ఒత్తి, అతినీలలోహిత కాంతితో గట్టిపరచి, మెల్లగా ఊడదీస్తారు. మన కలంకారీ అచ్చు గుడ్డ మీద పడినట్టు గీతలు గాజు మీద పడతాయి. ఆ పైన పూతలు పూసి, కావలసిన ఆకారానికి కోసి, అంచులకు నల్లరంగు వేసి, ఒక్కొక్క పలకనూ పరీక్షిస్తారు. గాడి లోతు కొద్ది నానోమీటర్లు తేడా వచ్చినా బొమ్మలో ఒక పక్క ఎర్రగా, ఒక పక్క పచ్చగా మరకలు పడతాయి. పలక రెండు ముఖాలు సమాంతరంగా లేకపోతే అక్షరాలు అలుక్కుపోతాయి. ప్రొజెక్టరు పంపిన వెలుగులో అధిక భాగం దారిలోనే వృథా అవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మూల అచ్చులో తప్పుంటే దాని నుంచి తీసిన ప్రతి పలకలోనూ ఆ తప్పే ఉంటుంది. పెద్దల తప్పు పిల్లల్లో అచ్చు పడినట్టు.

మా కొట్లో పుస్తకం

ఈ కథంతా విన్నాక మా పిల్ల అడిగింది ఫ్రానుహోఫర్ గురించి కాదు. మా బట్టల కొట్లో తానులు మడతపెట్టే కుర్రవాడి గురించి. తండ్రి లేని పిల్లవాడు. కొన్నాళ్ల క్రితం బల్ల వెనుక కూర్చుని తొమ్మిదో తరగతి పుస్తకం తిరగేస్తుంటే, బేరాల వేళ చదువేమిటని మేము కసురుకున్నాం. ఆ సంగతి ఆమెకు గుర్తుంది. మాకే గుర్తు లేదు.

యతీమ్ హక్కు గురించి మన మసీదుల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. దైవప్రవక్త ముహమ్మద్ (స) కూడా తండ్రి లేకుండా పుట్టి, చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకున్న వారేనని ప్రతి ఇంట్లో చెబుతాం. రంజాన్ నెలలో బియ్యం ఇస్తాం, పండుగకు బట్టలు ఇస్తాం. మ్యూనిక్ శిథిలాల దగ్గర పాలకుడు ఇచ్చిన బంగారం ఆ పిల్లవాడిని నిలబెట్టింది. పక్కనే ఉన్న మనిషి ఇచ్చిన పుస్తకాలు అతనికి దారి చూపాయి. ఆ రెండూ అందకపోతే అతను మ్యూనిక్‌లో అద్దాలు రుద్దుతూనే ముసలివాడయ్యేవాడు. లోకానికి ఏం పోయిందో లోకానికే తెలిసేది కాదు. అలా తెలియకుండా పోయిన వారు ఎందరో లెక్క ఎవరి దగ్గరా లేదు.

మర్నాడు మేము ఆ కుర్రవాడిని పిలిచి సాయంత్రం అయిదింటికే కొట్టు నుంచి వెళ్లి ట్యూషనులో కూర్చోమన్నాం. జీతం తగ్గదనీ చెప్పాం. అతను వెంటనే నమ్మలేదు. రెండు రోజులు అయిదింటికి మా ముఖం చూస్తూ నిలబడ్డాడు. మూడో రోజు వెళ్లాడు. ఇది గొప్ప పనేమీ కాదు. ఆలస్యంగా చేసిన చిన్న పని. మీ కొట్లో, మీ షెడ్డులో, మీ మగ్గం పక్కన కూడా అటువంటి పిల్లవాడు ఒకడు ఉండే ఉంటాడు. ఈ జుమా నాడు ఇంటికి వెళ్లాక ఒక్కసారి పలుచని గుడ్డలోంచి దూరపు దీపాన్ని చూడండి. తర్వాత ఆ పిల్లవాడిని కూడా పిలిచి చూపించండి. రంగులు ఎక్కడివని అతను అడిగితే మాత్రం కసురుకోకండి.